శెట్టిగారి కుక్కకు పాతకాలం పేరు

ప్రొద్దుటూరు,
ఆదివారం మధ్యాహ్నం.

మా అక్క మార్తమ్మకు నీ తమ్ముడు దానియేలు రెండు చేతులూ జోడించి చెప్పుకునే వందనాలు.

దేవుడి దయవల్ల నేనిక్కడ బాగున్నాను. నిజంగానే బాగున్నాను, నీ మనసు కుదుట పడాలని రాస్తున్న మాట కాదు. అక్కడ నువ్వు, బావ, మన షారోను, రెండు ఎనుములు, అందరూ క్షేమమేనని తలుస్తాను. బావ మోకాలి నొప్పి ఎట్లా ఉందో రాయి. తైలం పూసుకోమంటే పూసుకోడు, నువ్వే పట్టుకొని పూయాలి.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని బావ నవ్వుతాడు. నవ్వనీ. పోయినసారి ఫోన్ చేసినప్పుడు ఏం జరిగిందో నీకు గుర్తుందిగా. బావ స్పీకరు పెట్టాడు. నాకు కాస్త దగ్గుగా ఉందని అన్నానో లేదో ఎదురింటి సంజీవమ్మత్త మధ్యలో దూరి మిరియాల కషాయం కాచే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. ఆ తరువాత ఎవరో ఆడమనిషి, ఎవరో నాకిప్పటికీ తెలియదు, ఆలూరులో నాకొక సంబంధం ఉందని పిల్ల చదువు, పిల్ల తండ్రి ఉద్యోగం అన్నీ చెప్పి పెట్టేసింది. నీతో ఒక్క మాట మాట్లాడలేదు. 'నువ్వు ఉత్తరమే రాయిరా, ఎనుములకు మేత ఏసి తీరిగ్గా సదువుకుంటా' అని నువ్వు ఆఖర్న అరిచింది మాత్రం వినపడింది. అందుకే రాస్తున్నాను. దగ్గు తగ్గింది. సంజీవమ్మత్తకు ఆ మాట చెప్పు, ఆమె కషాయం వల్లనే తగ్గిందని చెప్పు. నేను తాగలేదనుకో.

పని బాగుంది. శెట్టిగారిది బెల్లం, చింతపండు టోకు వ్యాపారమని చెప్పానుగా. ముందు అంగడి, వెనక శెట్టిగారి ఇల్లు, ఇంటి వెనక పెద్ద పెరడు, పెరటి చివర గోడౌను, గోడౌనును ఆనుకొని నా గది. నేను తెల్లవారి లేచి గోడౌను తలుపులు తీయాలి, వచ్చిన సరుకు చూసుకోవాలి, పోయే సరుకు కాటా వేయించాలి. బస్తాలెత్తే హమాలీలకు పెద్ద ఖాజా మామ. గడ్డం నెరిసినా ఇప్పటికీ బస్తాను దిండులాగా ఎత్తి భుజాన వేసుకుంటాడు. ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింట్లోనే నాకు భోజనం. ఆ ఒక్క పూటే నాకు కోడికూర. తక్కిన రోజులు శెట్టిగారింట్లో పప్పు, చారు, పెరుగు. తిండికి లోటేమీ లేదు, దిగులు పెట్టుకోవద్దు. ఎండ మాత్రం ఘోరం. మన ఆలూరు ఎండకు కనీసం గాలి తోడుంటుంది, ఇక్కడ అదీ లేదు. మధ్యాహ్నం గోడౌనులో బెల్లం చెమటలు పడుతుంది, దాని పక్కన నేనూ.

వచ్చిన కొత్తలో సాయంత్రాలు గడిచేవి కావు. అంగడి మూశాక ఎవరిళ్లకు వాళ్లు పోతారు. నేను పెరట్లో బండ మీద కూర్చొని కోతులను చూసేవాణ్ని. ఇక్కడ కోతులు శానా. బెల్లం వాసనకు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. నేను ఏదైనా మాట్లాడితే అంగట్లో నవ్వేవాళ్లు. డబ్బులను దుడ్లు అంటే 'ఈడు సగం కన్నడపోడు' అనేవాళ్లు. అందుకని కొన్నాళ్లు మాటలే తగ్గించుకున్నాను. ఇప్పుడు అట్లా లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇంత పెద్ద ఉత్తరం. అది ఒక కుక్క కథ. ఎనుములకు మేత వేసి వచ్చే కూర్చున్నావుగా?

పుంగనూరు నుంచి చింతపండు లారీ వచ్చిన రోజు బస్తాలు దించుతుంటే ఆఖరి వరుస వెనక నుంచి ఒక కుక్క లేచి ఒళ్లు విరుచుకుంది. గోధుమరంగు నాటుకుక్క, ఆడది. ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది వాలి ఉంటుంది. లారీ డ్రైవరు తనది కాదన్నాడు. 'దావలో టీ తాగను ఆగినాము, ఆడ ఎక్కిందేమో' అని లారీ తీసుకొని వెళ్లిపోయాడు. కుక్క దిగి, నేరుగా పెరట్లోకి పోయి, గోడ మీది కోతులను చూసి మొరిగింది. కోతులు పోయాయి. శెట్టిగారు ఆ ఒక్క మొరుగుతో దానికి ఉద్యోగం ఇచ్చేశారు. నాకివ్వడానికి మూడుసార్లు తిప్పించుకున్నారు.

పేరు లేకపోవడంతోనే వచ్చింది గొడవంతా. మొదట అందరమూ దాన్ని 'ఏయ్ కుక్కా' అనే పిలిచేవాళ్లం. ఒకరోజు శెట్టిగారు అంగడి మెట్ల మీద నిలబడి 'ఏయ్ కుక్కా, యాడ సచ్చినావ్, ఇట్లరా!' అని కేకేస్తే, ఎదుటి సిమెంటు అంగడి ఆయన తననే అన్నాడనుకొని పంచె బిగించి రోడ్డు దాటి వచ్చాడు. వాళ్లిద్దరికీ ముందే ఎందుకో పడదు. ఆయన్ను శాంతింపజేసి పంపేసరికి కాఫీలు తెప్పించాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం శెట్టిగారు అన్నారు, "పేరు పెట్టాలప్పా దీనికి. టామీ, జిమ్మీ, స్వీటీ ఇట్లాంటియి వద్దు. మాది పాతకాలం అంగడి. పేరు గూడా పాతకాలందే ఉండాల. ఇన్నోళ్లకు గౌరవంగా ఉండాల."

"రాణి అనుకుందాం శెట్టీ. ఖూబ్‌సూరత్ పేరు" అన్నాడు ఖాజా మామ.

అని, పరీక్షకు అక్కడే గట్టిగా రాణీ అని పిలిచాడు. వీధిలోంచి మూడు కుక్కలు, పాలు పోసే రాణెమ్మ, అందరూ వచ్చారు. మన కుక్క రాలేదు.

శెట్టిగారు లక్ష్మి వద్దన్నారు, అది వాళ్లమ్మ పేరట. మహాలక్ష్మమ్మ. సావిత్రి వాళ్ల పెద్దక్క. జానకి అంటే పక్కింటి బ్యాంకాయన భార్య. సరస్వతి అంటే బళ్లో టీచరమ్మ, శెట్టిగారి మనవడికి లెక్కల్లో మార్కులు వేసేది ఆమే. పాతకాలం పేర్లన్నిట్లోనూ ఎవరో ఒకరు కాపురం ఉన్నారక్కా. చివరకు శెట్టిగారే ఆలోచించి, తొడ మీద చరుచుకొని, "రుక్మిణి!" అన్నారు. అందరికీ నచ్చింది. కుక్కకూ నచ్చినట్టే ఉంది, తోకాడించింది. శెట్టిగారి భార్య పద్మావతమ్మ ఆ రెండు రోజులూ ఏదో పెళ్లికని ఊళ్లో లేదు. ఆమె ఉండి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

పద్మావతమ్మ పెళ్లి నుంచి వస్తూ ఆత్మకూరులో ఆగి తన తల్లిని కూడా వెంటబెట్టుకొని వచ్చింది. ఆ ముసలామె మంచి దర్జా మనిషి. వచ్చీ రాగానే వరండాలో పీట వేసి, అరిటాకు పరిచి, పూర్ణం పెట్టిన ఓళిగలు వడ్డించారు. శెట్టిగారు పక్కనే నిలబడి 'తిను అత్తా, ఇంగొకటి ఏయించుకో అత్తా' అని మర్యాద చేస్తున్నారు. నేను నెయ్యి గిన్నె అందిస్తున్నాను. అంతలో మన కుక్క ఓళిగ వాసనకు మెల్లగా ఆకు దగ్గరికి చేరింది. పెరట్లో ఉన్న ఖాజా మామకు కుక్క కనపడింది కానీ స్తంభం అడ్డంగా ఉండి ముసలామె కనపడలేదు. ఆయన గొంతు నీకు తెలియదక్కా, లారీ హారనులాంటిది.

"ఏయ్ రుక్మిణీ! ఎంత మేసినా సాలదా నీకు? లెయ్యి ఆడ్నించి! సిగ్గులేని జన్మ!"

ముసలామె చేతిలోని ఓళిగ నోటి దగ్గరే ఆగిపోయింది. పద్మావతమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. నా చేతిలో నెయ్యి ఒలికిపోయింది. ఖాజా మామ మాత్రం ఏమీ తెలియక ఇంకో మాట కూడా అన్నాడు, "పో, పోయి ఆ బూడిదలో పండుకో పో!"

"నన్నేనా?" అంది ముసలామె, చాలా నెమ్మదిగా.

"నిన్ను గాదత్తా, నిన్ను గాదు, కుక్కను" అన్నారు శెట్టిగారు. అక్కడితో ఆపినా సరిపోయేది. "దాని పేరు రుక్మిణి. నేనే పెట్టినా" అని కూడా అన్నారు.

"మాయమ్మ పేరు పెట్టినావా కుక్కకు?" అంది పద్మావతమ్మ.

శెట్టిగారి ముఖం చూడాలి అప్పుడు. "మీయమ్మ పేరు రుక్మిణా?" అన్నారు. నటన కాదక్కా. నిజంగానే తెలియదు ఆయనకు. పెళ్లయిన నాటి నుంచీ అత్తా, అత్తా అని పిలుస్తున్నారు, అత్తకు ఒక పేరు ఉంటుందని ఆయన తలకే తట్టలేదు.

ఆత్మకూరామె చేయి కడుక్కుంది. సంచి కూడా విప్పలేదు కాబట్టి సర్దుకునే పని లేకపోయింది. వచ్చిన ఆటోలోనే బస్టాండుకు పోయింది. మెట్లు దిగుతూ కుక్కను ఒకసారి పైకీ కిందికీ చూసి, "నాకంటే బక్కగా ఉండాది" అంది.

ఆ తరువాత ఇంట్లో చాలా రోజులు గిన్నెల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. పద్మావతమ్మ శెట్టిగారితో మాట్లాడటం మానేసింది. ఆయనకు ఏదైనా చెప్పాల్సి వస్తే నాకు చెబుతుంది, నేను మూడడుగుల దూరంలో ఉన్న ఆయనకు చెప్పాలి. ఒకనాడు అట్లాగే నన్ను పిలిచి అంది, "దానియేలూ, మీ శెట్టికి చెప్పు. కుక్కకు ఇంగో పేరు పెట్టాల. అది మాయింట్లో పేరు గాకూడదు, మా సుట్టాల పేరు గాకూడదు. పండగ లోపల దొరకలేదంటే కుక్కను యాడన్నా ఇడిసిపెట్టి రావాల. పేరు పెట్టేది గూడా మీ శెట్టి గాదు, నువ్వు. నువ్వు మా సుట్టానివి గాదు, మీ వూరి పేర్లలో మావోళ్లు ఉండరు."

ఆలోచన బాగానే ఉంది. కానీ ఆ భారం నా నెత్తిన పడింది. కుక్క అప్పటికి నాకు బాగా అలవాటైపోయింది. రోజూ సాయంత్రం బండ మీద నా పక్కనే కూర్చొనేది. నేను మన మాటల్లో ఎంత మాట్లాడినా నవ్వేది కాదు. దాన్ని ఎక్కడో వదిలేసి రావడమంటే నా వల్ల కాని పని.

ముందు మన పేర్లే అనుకున్నాను. రూతు అంటే ఖాజా మామకు నోరు తిరగలేదు. ఎస్తేరు మా పాస్టరమ్మ పేరు, నేను ఇంకా ఆ చర్చికి పోవాలి. ఖాజా మామ 'మీయక్క పేరు బాగుంటాది గదా' అన్నాడు. కోప్పడకు, నేను ఒప్పుకోలేదు. రేపు నువ్వు చూడడానికి వచ్చినప్పుడు ఆ ఓళిగల గతే నీకూ పడుతుందని భయం వేసింది.

ఒక మధ్యాహ్నం గోడౌను తలుపు దగ్గర కూర్చొని ఎండను చూస్తుంటే మన కాలువ గుర్తొచ్చింది. ఎండిపోయి, పగుళ్లిచ్చి, మనం దాంట్లోనే ఆడుకుంటుంటే, పైనుంచి ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చి 'తుంగ వచ్చినాది! తుంగ వచ్చినాది!' అని అరిచేవాళ్లు కదా. నువ్వు నన్ను చంకనేసుకొని గట్టెక్కేదానివి. ముందు నురగ, పుల్లలు, చెప్పులు, ఆ వెనక నీళ్లు. అప్పుడు మనూళ్లో పుట్టిన ఆడపిల్లల్లో సగం మంది తుంగమ్మలే. ఇక్కడ ఆ పేరు ఒక్కటి కూడా వినలేదు. నేను కుక్క వైపు చూసి, 'తుంగా' అన్నాను. వాలిన చెవి కూడా లేచింది.

శెట్టిగారికి చెబితే ముఖం చిట్లించారు. "తుంగనా? అది గడ్డి గదప్పా. సేన్లో పడితే ఎంత పీకినా పోదు."

"గడ్డి కాదు శెట్టిగారూ. ఏరు. తుంగభద్ర."

"ఏరా? ఏరైతే సరే" అని, ఈసారి దెబ్బ తిన్న మనిషి కదా, అంగట్లోనే కూర్చొని జమ్మలమడుగు నుంచి నంద్యాల దాకా ఉన్న చుట్టాలందరికీ ఫోన్ చేశారు. "మనోళ్లలో తుంగమ్మని ఎవురన్నా ఉండారా? సచ్చిపోయినోళ్లను గూడా ఆలోచించి చెప్పు" అని ఒక్కొక్కరినీ అడిగారు. ఎవరూ లేరు. బ్యాంకాయన ఇంట్లో అడిగించారు. పాలు పోసే రాణెమ్మను అడిగారు. ఆఖరుకు రోడ్డు దాటి పోయి ఎదుటి సిమెంటు ఆయన్ను కూడా అడిగి వచ్చారు. తుంగ అనే మనిషి ఈ చుట్టుపక్కల పుట్టనే లేదని తేలింది. కిందటి నెల ఒక శుక్రవారం పద్మావతమ్మ దానికి కుంకుమ పెట్టింది. ఖాజా మామ మెడలో కనకాంబరాలు కట్టాడు, కుక్క వాటిని వెంటనే తినేసింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది.

అందరినీ అడిగాం కానీ ఇంట్లో ఒక్క మనిషిని అడగలేదక్కా. శెట్టిగారి తల్లిని. ఆమె గురించి నీకు ఎప్పుడూ రాయలేదు, రాయడానికి ఏమీ ఉండేది కాదు. ముసలామె. నడిమి గదిలో మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చొని ఉంటుంది. చెవుడు అని అందరూ చెప్పారు. కర్నూలు తీసుకుపోయి చెవి మిషను కొనిచ్చారట, పెట్టుకోలేదట. శెట్టిగారు రోజూ అంగడికి వచ్చేముందు గుమ్మంలో నిలబడి 'అమా, మాత్ర మింగినావా?' అని అరుస్తారు. ఆమె తల ఊపితే ఊపుతుంది, లేకుంటే లేదు. నేను వచ్చిన ఇన్ని నెలల్లో ఆమె గొంతు వినలేదు.

పేరు పెట్టిన మర్నాటి సంగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. చెమ్మగిల్లిన బెల్లం అచ్చులు కొన్ని పెరట్లో చాప మీద ఆరబెట్టాం. నేను గోడౌనుకు నిచ్చెన వేసుకొని పైన రేకులు సరిచేస్తున్నాను. చూసేసరికి గోడ నిండా కోతులు. కుక్క కనపడలేదు. నేను పైనుంచే గొంతు చించుకొని అరిచాను, "తుంగా! ఒసే తుంగా! యాడుండావే? బిరీన రాయే!"

లోపల నుంచి గొంతు వినపడింది. "ఈడుండా! వచ్చాండా, వచ్చాండా!"

నేను నిచ్చెన మీద అట్లాగే ఉండిపోయాను. కుక్క మాట్లాడిందని నేను అనుకోలేదు, అబద్ధమెందుకు, ఒక్క క్షణం అనుకున్నాను. అంతలో నడిమి గది వాకిట్లో ముసలామె. గోడ పట్టుకొని, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని, తొందర తొందరగా వస్తోంది. ఇంటి నుంచి పిలుపు వస్తే ఆటలోంచి పరుగెత్తే పిల్ల ఎట్లా వస్తుందో అట్లా. ఆమె కంటే ముందు కుక్క కూడా ఎక్కడి నుంచో వచ్చి నిలబడింది. కోతులు బెల్లం అచ్చులు చేతుల్లో పట్టుకొని ఆగిపోయి చూస్తున్నాయి.

"ఎవురు నన్ను పిలిచింది?" అంది ముసలామె.

అంగట్లోంచి శెట్టిగారు పరుగెత్తుకొచ్చారు. "అమా! నువ్వెందుకు లేసినావు? పడితే ఎట్ల? నిన్నెవురూ పిలవలేదు. కుక్కను పిలిచినాడు దానియేలు."

"కుక్కను గాదురా. తుంగా అన్న్యాడు. నాకు ఇనపడలేదనుకున్యావా?"

"కుక్క పేరే తుంగ. నీ పేరు మహాలక్ష్మమ్మ గదమా!" అన్నారు శెట్టిగారు. చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పారు.

"అది మీ అవ్వ పెట్టిన పేరు" అంది ఆమె. మెల్లగా మెట్టు మీద కూర్చుంది. "నేను పుట్టినప్పుడు మాయమ్మ పెట్టింది తుంగమ్మని. ఆలూరు పక్క వూరు మాది. పెండ్లయి ఈ ఇంట్లో కాలు పెడితే మీ అవ్వ నా పేరడిగింది. చెప్పినా. 'గడ్డి పేరేంది కోడలికి, మా ఇల్లంతా మొలుస్తాదా' అని అందరి ముందర నవ్వింది. ఆ పొద్దే మార్చింది. మీ నాయన సచ్చేదాంక గూడా ఒగనాడు తుంగా అన్లేదు. మాయమ్మ పోయినాక ఆ మాటే ఇన్లేదు నేను."

శెట్టిగారు చింతపండు బస్తా మీద కూలబడ్డారు. జమ్మలమడుగు నుంచి నంద్యాల దాకా వెతికిన పేరు సొంత ఇంట్లో నడిమి గదిలో ఉంది. పాపం, మొదట ఆయనకు కోపమే వచ్చింది. ఎవరి మీద పడాలో తెలియక నా మీద పడ్డారు. "ఏమప్పా దానియేలూ! వెతికి వెతికి మాయమ్మ పేరు దొరికినాదా నీకు? దిగు ముందు! ఇప్పుడే మార్చు ఆ పేరు!"

నేను దిగాను. ఇక పెట్టె సర్దుకొని ఆలూరు బస్సెక్కడమే అనుకున్నాను. బావకు ఏమని చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను. కుక్కకు శెట్టి తల్లి పేరు పెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నానంటే బావ నన్ను జన్మంతా వదిలిపెట్టడు.

"మారిస్తే ఊరుకోను" అంది ముసలామె. అంత బక్క మనిషిలో ఆ గొంతు ఎక్కడ దాచుకుందో. "ఒగసారి మార్చినారు నా పేరు. అప్పుడు నాకు నోరు లేదు. ఇప్పుడు ఇంగోసారి మార్చనియ్యను."

"అది కుక్కమా!" అన్నారు శెట్టిగారు.

"అయితే ఏమి? ఆ పేరు ఈ ఇంట్లో పొద్దన్నించి మాపుదాంక ఇనపడతాది. నాకు అది సాలు."

"నీకు సెవుడు గదా..." అన్నారు ఆయన, నసుగుతూ.

"నాకేం సెవుడు? మీరు నాతో మాట్లాడేదేముంది? మాత్ర మింగినావా, కాపీ తాగినావా. దానికి బదులేంది?"

అప్పుడు పద్మావతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఎన్నాళ్లయిందో ఆమె నవ్వి. నవ్వి నవ్వి గోడకు ఆనుకొని, నాకు కాకుండా నేరుగా శెట్టిగారికే చెప్పింది, "మాయమ్మకు ఫోన్ జేచ్చా. మీయమ్మది గూడా పెట్టినావని చెప్పాల. ఇప్పుడు లెక్క సరిపోయింది." ఆ ఫోన్ విని ఆత్మకూరామె ఎంత నవ్విందంటే, ఫోన్ పెట్టేశాక మళ్లీ తనే చేసి ఇంకోసారి మొదటి నుంచి చెప్పించుకుంది. పండక్కి వస్తానని కూడా చెప్పింది. కోతులు మాత్రం ఆ గందరగోళంలో చాప మీద ఒక్క అచ్చు కూడా మిగల్చలేదు. దాని గురించి ఎవరూ నన్ను ఏమీ అనలేదు.

అదక్కా సంగతి. ఇప్పుడు నా సాయంత్రాలు వేరు. అవ్వ బండ దగ్గరికే వచ్చి కూర్చుంటుంది, ఒక పక్క నేను, ఒక పక్క కుక్క. నేను దుడ్లు అంటే ఆమె కూడా దుడ్లు అంటుంది. నవ్వేవాళ్లు ఇప్పుడు నవ్వడం లేదు, శెట్టిగారి తల్లి మాటకు ఎవరు నవ్వుతారు? ఆమె మన పక్క సంగతులు అడుగుతుంది, కొర్రలు ఇప్పుడు ఎవరన్నా వేస్తున్నారా, కాలువకు నీళ్లు ఏ నెలలో వదులుతున్నారు అని. నాకు తెలియనివి చాలా ఉన్నాయి. బావను అడిగి రాయి. ఆమె పుట్టినూరు మొలగవల్లి పక్కన ఉందట. బావ ఆ వైపు పోయినప్పుడు పాత కోమట్ల ఇంటి వాళ్లెవరైనా మిగిలారేమో కనుక్కోమను. అందరూ ఎప్పుడో బళ్లారి పోయారని ఆమె అంటుంది, అయినా కనుక్కోమను. ఆ వీధి ఫోటో ఒకటి తీసి పంపితే సంతోషిస్తుంది. ఇంకో సంగతి, చెనిక్కాయల పొడి ఈసారి కాస్త ఎక్కువ పంపు. పోయినసారిది అవ్వకు రుచి చూపించాను, సీసా నాకు తిరిగి రాలేదు.

నేను ఆమెను తుంగమ్మవ్వా అంటాను. ఎవరూ వద్దనలేదు. శెట్టిగారికి మాత్రం కష్టంగా ఉంది. కొడుకు నోటితో తల్లి పేరు ఎట్లా పిలుస్తాడు? అందుకని ఆయన ఏం చేస్తున్నారో ఈ పొద్దున చూశాను. నేను చర్చికి బయలుదేరుతుంటే ఆయన పెరట్లో నిలబడి ఉన్నారు. కుక్క ఆయన కాళ్ల దగ్గరే, చెప్పు మీద తల పెట్టుకొని పడుకొని ఉంది. ఆయన దాని వైపు చూడనే లేదు. నడిమి గది వాకిలి వైపు తిరిగి, గొంతు సవరించుకొని, చిన్నపిల్లాడిలాగా, "తుంగా... తుంగా..." అని పిలుస్తున్నారు. లోపల నుంచి "వచ్చాండా" అని వినపడేదాకా పిలుస్తూనే ఉన్నారు.

సరే అక్కా, కాగితం అయిపోయింది. నా గురించి బెంగ వద్దు, ఇక్కడ నన్ను చూసుకునేవాళ్లు ఉన్నారు. బావకు నా నమస్కారాలు, షారోనుకు ముద్దులు, పాస్టరయ్యగారికీ చర్చిలో పెద్దలందరికీ వందనాలు చెప్పు. ఆలూరు సంబంధం సంగతి చెప్పిన ఆమె ఎవరో కనుక్కొని, పిల్ల పేరేమిటో రాయి. అన్నీ చెప్పి పేరు ఒక్కటే చెప్పలేదు ఆమె. నీ ప్రార్థనలో నన్ను మరవకు.

నీ చేతి కింద పెరిగిన తమ్ముడు,
నీ దీవెన కోరుతూ,
దానియేలు